వాట్లు చూసి కొన్న రౌటర్లు

ఇంట్లో కట్టుకున్న, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రానికి చెక్క కోసే రౌటర్ కొనేవాళ్లు దుకాణంలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దీని కనీస వేగం ఎంత? నేను అది అడగలేదు. ఎన్ని వాట్లు, గరిష్ఠంగా ఎన్ని చుట్లు తిరుగుతుంది అని మాత్రమే అడిగాను. అలా అడిగినందుకు ఒకదాని తర్వాత ఒకటి పనికిరాని రౌటర్లు ఇంటికి తెచ్చుకున్నాను. డబ్బు పోయింది, మంచి టేకు పాడైంది, బిట్లు విరిగాయి. ఇలాంటి యంత్రం సొంతంగా కట్టుకోవాలని ఉత్సాహపడే కుర్రవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో కనిపిస్తున్నారు. వాళ్ల డబ్బైనా మిగలాలని ఇదంతా రాస్తున్నాను.

పూజగది తలుపులకు జాలీలు, చిన్న చిన్న చెక్కడాలు సొంతంగా చేసుకోవాలన్నది నా కోరిక. అందుకోసం కట్టిన యంత్రానికి అల్యూమినియం ప్రొఫైళ్లతో చట్రం, నీమా 23 స్టెప్పర్ మోటార్లు, ఆర్డుయినో ఊనో బోర్డు. దాని మీద నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్‌స్రూడ్ 2009లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా అందించిన, యంత్రాన్ని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాం. ఇంతవరకు అంతా బాగానే కుదిరింది. యంత్రాన్ని అటూ ఇటూ నడపడానికి వాడిన స్క్రూలు చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరిగే రకం. మోటారు నిమిషానికి 500 చుట్లు దాటితే బలం తగ్గి స్టెప్పులు తప్పేది. అంటే నా యంత్రం చెక్కను కోస్తూ వెళ్లగలిగే వేగం నిమిషానికి 1000 మిల్లీమీటర్లు. రౌటర్ కొనేముందు నేను చూడాల్సిన అంకె అదే. అది నా నోట్‌బుక్‌లో ఉంది కూడా. రౌటర్‌కు దానికి సంబంధం ఉందని మాత్రం నాకు తోచలేదు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక దుకాణంలో ట్రిమ్మర్ కొన్నాను. వడ్రంగులు సన్‌మైకా అంచులు సరిచేయడానికి వాడే చిన్న రౌటర్ అది. నిమిషానికి 30,000 చుట్లు, అదొక్కటే వేగం. తగ్గించడానికీ పెంచడానికీ డయల్ లేదు, ఆన్-ఆఫ్ స్విచ్చి మాత్రమే. ఎంత ఎక్కువ తిరిగితే కోత అంత నున్నగా వస్తుందని నా నమ్మకం.

టేకులో మొదటి గాడి తీయగానే అంచులు నల్లబడ్డాయి. మూలల దగ్గర మరీ ఎక్కువ. చెక్క పొట్టు రాలాల్సిన చోట మెత్తటి రజను లేచింది, కాలిన వాసన ఇల్లంతా పట్టింది. బిట్ నాసిరకం అనుకుని ఖరీదైనది తెచ్చాను, అదీ కొద్దిసేపట్లోనే మొన దగ్గర నీలం రంగుకు తిరిగింది. అక్రిలిక్ పెడితే కరిగి బిట్‌కు గడ్డలా చుట్టుకుపోయింది. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ బాధే. చెక్క గట్టిది కదా, యంత్రం తొందరపడుతోందేమో అనుకుని నడకను 1000 నుంచి 600కు, అక్కణ్ణుంచి 400కు తగ్గించాను. తగ్గించినకొద్దీ మాడు పెరిగింది. నేను జాగ్రత్త అనుకున్నదే చెక్కను కాలుస్తోంది.

ఇంట్లో అలమారాల పనికి వచ్చిన మేస్త్రి అలాంటి ట్రిమ్మర్‌నే చేత్తో నడుపుతుంటే గమనించాను. చెయ్యి ఎక్కడా ఆగడం లేదు. అంత వేగంగా ఎందుకు తోస్తున్నారని అడిగితే, "చెయ్యి ఆపొద్దు సార్, ఆపితే మాడుతది" అన్నాడు. నాకు కావలసిన సమాధానమంతా ఆ మాటలో ఉంది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

బిట్‌కు ఉన్న ఒక్కో పన్ను ఒక్కో చుట్టులో చెక్కనుంచి ఒక పలుచని పొర తీస్తుంది. ఆ పొర మందం కావాలంటే యంత్రం నడిచే వేగాన్ని చుట్ల సంఖ్యతోనూ పళ్ల సంఖ్యతోనూ భాగించాలి. 3 మిల్లీమీటర్ల బిట్‌కు చెక్కలో 0.05 మిల్లీమీటరు చుట్టుపక్కల పొర వస్తే పని సాఫీగా సాగుతుంది. నా యంత్రం 1000, చుట్లు 30,000, పళ్లు రెండు. పొర 0.017 మిల్లీమీటరు కూడా రాదు. నడకను 400కు తగ్గిస్తే 0.007కు కూడా చేరదు. అంత పలుచని పొరను ఏ అంచూ కోయలేదు, చెక్కను రుద్దుతుంది. రుద్దితే వేడి. సరిగ్గా కోసినప్పుడు ఆ వేడిలో చాలా భాగాన్ని పొట్టు తనతో తీసుకుపోతుంది. పొట్టే లేకపోతే వేడంతా బిట్‌లో, చెక్కలో ఉండిపోతుంది. మూలల్లో యంత్రం మలుపు తిరగడానికి నెమ్మదిస్తుంది, రౌటర్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. మూలలు ఎందుకు ఎక్కువ నల్లబడ్డాయో అప్పుడు అర్థమైంది.

అదే లెక్కను తిరగేస్తే నాకు కావలసిన రౌటర్ ఏదో తేలిపోతుంది. 1000 మిల్లీమీటర్ల నడకకు, రెండు పళ్ల బిట్‌కు, 0.05 పొరకు నిమిషానికి 10,000 చుట్లు చాలు. నా ట్రిమ్మర్ దానికి మూడు రెట్లు తిరుగుతోంది.

లెక్క తెలిశాక కూడా కొత్త రౌటర్ కొనడానికి మనసొప్పక మరో తప్పు చేశాను. మోటారుకు బయటినుంచి డిమ్మర్ పెట్టించాను. వట్టిగా తిప్పితే వేగం చక్కగా తగ్గింది. బిట్ చెక్కను తాకగానే మోటారు మూలిగింది, దాదాపు ఆగిపోయింది. డిమ్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, దాంతోపాటు బలమూ పడిపోతుంది. భారం పెరిగినప్పుడు ఆ సంగతి కనిపెట్టి మళ్లీ కరెంటు పెంచే ఏర్పాటు అందులో లేదు. పైగా మోటారును చల్లబరిచే ఫ్యాను అదే ఇరుసు మీద ఉంటుంది. ఇరుసు నెమ్మదిస్తే గాలీ తగ్గుతుంది. ట్రిమ్మర్ ఒళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. వేగం తగ్గించే డయల్ రౌటర్ లోపలే ఉండాలి, భారం పడ్డా వేగాన్ని నిలబెట్టే ఎలక్ట్రానిక్స్ దాని వెనక ఉండాలి.

ఆ తర్వాత కొన్నది ఇంకా పెద్ద తప్పు. బలం చాలకపోవడమే సమస్య అనుకుని, 12 మిల్లీమీటర్ల బిట్లు పట్టే పెద్ద ప్లంజ్ రౌటర్ తెచ్చాను. ఆ జాతి రౌటర్లు 1600 వాట్లు, ఆ పైన ఉంటాయి. మేస్త్రి చేతిలో అవి గొప్ప పనిముట్లే. బరువు మాత్రం ఐదారు కిలోలు. రౌటర్‌ను మోసే అడ్డ దూలానికి, అంటే గాంట్రీకి, తగిలించగానే నా చట్రం ముందుకు వంగింది, మలుపుల దగ్గర ఊగి గాడి అంచుల మీద అలలు తేలాయి. పైకీ కిందికీ త్వరగా కదలాలని ఆ ఒక్క దిశకు నేను చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిగే స్క్రూ వేశాను. ఆ రకం స్క్రూ బరువును తనంతట తాను ఆపలేదు. మోటార్లకు కరెంటు ఆపగానే రౌటర్ కిందికి జారి, పూర్తికావచ్చిన పలక మీద బిట్‌తో సహా దిగబడింది. కరెంటు పోయే వేళల్లో ఇది ఎవరికైనా జరగొచ్చు. ఇంతా చేస్తే అన్ని వాట్లు నా యంత్రం వాడుకోనే లేదు. నిమిషానికి మీటరు నడిచే యంత్రం 3 మిల్లీమీటర్ల బిట్‌తో కోయడానికి 700 వాట్లు ఎక్కువే.

బిట్ కాడను పట్టి బిగించే కాలెట్ సంగతి దుకాణాల్లో ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు. సీఎన్‌సీ పనికి దొరికే సన్నని బిట్లలో చాలావాటి కాడ 3.175 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మన దగ్గర ట్రిమ్మర్లతో వచ్చే కాలెట్ సాధారణంగా 6 మిల్లీమీటర్లు. మధ్యలో ఒక గొట్టం దూర్చి బిగించాను. డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పితే ముల్లు 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ ఊగింది. చూడ్డానికి చిన్న అంకె. కానీ తీయాల్సిన పొరే 0.05 అయినప్పుడు, ఈ ఊపుతో ఒక పన్ను మొత్తం పని చేస్తుంది, రెండోది చెక్కను అందుకోనే అందుకోదు. బిట్లు విరిగింది అందుకే. 3 మిల్లీమీటర్ల గాడి 3.1 వచ్చి, అందులో పొదగాల్సిన ముక్క వదులైంది. ఆ బిట్ల కొలతకు నేరుగా సరిపోయే కాలెట్ దొరకని రౌటర్‌ను, మిగతావన్నీ బాగున్నా, కొనకండి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత రౌటర్ తెప్పించుకుందామనే ఆలోచన మన ఇళ్లలో సహజం. నాకూ వచ్చింది. అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడ 230లో పెడితే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చుగానీ డివాల్ట్ డీడబ్ల్యూపీ611 లాంటి 7 ఆంపియర్ల రౌటర్‌కు కనీసం కిలో వోల్ట్-ఆంపియర్ దాటినది కావాలి. దాని కాలెట్ పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. అందులో మన 6 మిల్లీమీటర్ల బిట్ పెట్టి రేకు చుట్టి బిగించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ వేగంలో ఊడిన బిట్ ఎటు పోతుందో చెప్పలేం.

పేరున్న రెండు రౌటర్లను పక్కపక్కన పెడితే నేను చెప్పదలచుకున్నది తేలిగ్గా అర్థమవుతుంది. డీడబ్ల్యూపీ611 డయల్ 16,000 నుంచి 27,000 వరకు తిరుగుతుంది. మకిటా ఆర్‌టీ0700సీ 10,000 నుంచి 30,000 వరకు. రెండూ మంచి పనిముట్లే. కానీ నిమిషానికి మీటరు నడిచే యంత్రం మీద మొదటిది కనీస వేగంలోనూ 0.03 పొర మాత్రమే ఇస్తుంది, రెండోది 0.05 ఇస్తుంది. నిమిషానికి మూడు మీటర్లు నడిచే దిట్టమైన యంత్రమైతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. ఇప్పటికే వేగం తగ్గని ట్రిమ్మర్ కొనేసినవాళ్లు ఒంటిపన్ను బిట్ వాడి చూడండి, పొర రెట్టింపవుతుంది. ఆ కిటుకు నాకు ముందే తెలిసుంటే మొదటి ట్రిమ్మర్‌తోనే కొంత కాలం గడిచేది.

ఇప్పుడు నా యంత్రం మీద ఉన్నది 10,000 దాకా తగ్గే, 65 మిల్లీమీటర్ల గుండ్రటి లోహపు ఒళ్లున్న రౌటర్. గుండ్రటి ఒళ్లు నిటారుగా, గట్టిగా క్లాంప్‌లో కూర్చుంటుంది. పాత ట్రిమ్మర్ ప్లాస్టిక్ ఒళ్లు బిగించినకొద్దీ నొక్కుకుపోయేది. గాడి అంచులు ఇప్పుడు తెల్లగా వస్తున్నాయి, పొట్టు పొట్టులాగే రాలుతోంది. మొదట్లో మోటారు బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వల వల్ల, యంత్రాన్ని హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్చులు ఊరికే పనిచేసి యంత్రం మధ్యలో ఆగిపోయేది. స్విచ్చులకు షీల్డ్ ఉన్న వైరు వేసి, రౌటర్ వైరును వాటికి దూరంగా జరిపాక సర్దుకుంది.

ఇంత చెప్పాక కూడా రౌటర్ రౌటరే. చేత్తో కాసేపు పనిచేసి పక్కన పెట్టడానికి తయారైన వస్తువు అది. 300 మిల్లీమీటర్ల చదరపు పలక మీద వినాయకుడి ఉబ్బెత్తు చెక్కడం చేయాలంటే, గీతకు గీతకు మధ్య 0.3 మిల్లీమీటరు ఎడంతో వెయ్యి గీతలు, మొత్తం 3,00,000 మిల్లీమీటర్ల నడక. నా యంత్రానికి ఏకబిగిన ఐదు గంటలు. కార్బన్ బ్రష్షులు అరిగిపోతాయి, ఆ మోతకు పక్కింటివాళ్లు తలుపు తడతారు. ఒక జత బ్రష్షులు ఎప్పుడూ సొరుగులో పెట్టుకోవాలి. ఎండీఎఫ్ కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదు.

నేర్చుకోవడానికి, ఇంటి అవసరాలకు, సెలవు రోజుల పనికి కనీస వేగం తక్కువున్న 65 మిల్లీమీటర్ల రౌటర్ చాలు. జాలీలు చేసి అమ్ముకుందామని, రోజూ గంటల తరబడి నడుపుదామని అనుకునేవాళ్లు దాని జోలికి పోకండి. ఫ్రీక్వెన్సీని మార్చి వేగాన్ని అదుపుచేసే వీఎఫ్‌డీతో నడిచే, ఈఆర్ రకం కాలెట్లున్న 1.5 లేదా 2.2 కిలోవాట్ల స్పిండిల్ తీసుకోండి. 400 హెర్ట్జ్ దగ్గర 24,000 చుట్లు తిరుగుతుంది, బ్రష్షులు ఉండవు. ధర ఎక్కువే, దాని బరువుకు తగినట్టు గాంట్రీని కూడా గట్టిగా కట్టుకోవాలి. రోజువారీ పనికి మాత్రం అదే సరైన కొనుగోలు.