ఎనిమిది ఫెన్‌ల పల్లెటూరు

మేముండే ఊరు మిల్పీటస్. శాన్ హోసేకి ఆనుకుని ఉంటుంది. ఆ పేరుకి చిన్న మొక్కజొన్న చేలు అని అర్థమట. ఇక్కడికి వచ్చిన ఆరేళ్ళకి గానీ నాకా సంగతి తెలియలేదు. ఇప్పుడు చేలూ లేవు, మొక్కజొన్నా లేదు. గ్రేట్ మాల్ ఉన్న చోట ఒకప్పుడు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు చుట్టూ టౌన్‌హోమ్‌లు, ఒకవైపు మన ఇండియన్ స్టోర్లు, ఇంకోవైపు చైనా సూపర్ మార్కెట్లు. సాయంత్రం పార్కుకి వెళితే తెలుగెంత వినిపిస్తుందో చైనీసూ అంతే వినిపిస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మలూ, చైనా నుంచి వచ్చిన నాయనమ్మలూ పక్కపక్కనే స్ట్రోలర్లు తోసుకుంటూ, ఒకరి మాట ఒకరికి తెలియక, నవ్వులతోనే పలకరించుకుంటూ ఉంటారు.

అలా పరిచయమైన పెద్దావిడే మా నైనై. చైనీసులో నైనై అంటే నాయనమ్మ. ఆవిడ మనవరాలు పిలిచినట్టే మా అమ్మాయీ పిలవడం మొదలుపెట్టింది, తర్వాత నేనూ. డెబ్భై దాటాయి. మా మధ్య భాష లేదు. ఆవిడ వెల్లుల్లి వాసన వచ్చే ఒక ఆకుకూర కట్ట ఇస్తే నేను గోంగూర ఇచ్చాను. దాన్నేం చేసుకుందో ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు మా అమ్మాయి పార్కులో ఆకులు ఏరి నోటు పుస్తకంలో అతికిస్తుంటే చూసి, మర్నాడు ఒక పాత కవరు తెచ్చి చేతిలో పెట్టింది. లోపల ముప్ఫై దాకా చైనా తపాలా బిళ్ళలు. ఉత్తరాల మీంచి చింపినవి, వెనక కవరు ముక్క అలాగే అంటుకుని ఉంది. అమ్మాయి రెండు రోజులు ఆడుకుని వదిలేసింది. నేను వదల్లేకపోయాను.

నేను బీఎస్సీ బోటనీ చదివాను. హెర్బేరియం చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మొక్కని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, ఆరాక షీటు మీద కుట్టి, కింద కుడివైపు మూల లేబుల్ రాయాలి. పేరు, కుటుంబం, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరు సేకరించారు. లేబుల్ లేకపోతే మా మేడమ్ షీటు పక్కకి తోసేసేవారు. "అది నమూనా కాదమ్మా, ఎండుగడ్డి" అనేవారు. స్టాంపులని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కాగితం ఊడదీసి, పాత పేపర్ల మధ్య ఆరబెడుతుంటే ఆ ల్యాబ్ వాసన గుర్తొచ్చింది.

చైనా బిళ్ళల్లో నాకు నచ్చినదేమిటంటే, లేబుల్ వాటి మీదే ఉంటుంది. చైనీసు ఒక్క అక్షరం రాకపోయినా చదువుకోవచ్చు. కింద అంచున సన్నటి అంకెలు ఉంటాయి. ఉదాహరణకి టి.46, పక్కన బ్రాకెట్లో 1-1, ఆ పక్కన 1980. అంటే టి వరుసలో 46వ సెట్టు, సెట్టులో ఉన్నది ఒకటే బిళ్ళ, అందులో ఇది మొదటిది, సంవత్సరం 1980. 12-8 అని ఉంటే పన్నెండింటిలో ఎనిమిదోది. ఏవి దొరికాయో ఏవి దొరకలేదో బిళ్ళే చెబుతుంది. ఇక వెల చూస్తే, పాతవాటిలో ఎక్కువ భాగం ఎనిమిది ఫెన్‌లే. యువాన్‌లో వందో వంతు ఫెన్. 1990లో పెరిగేదాకా దశాబ్దాల పాటు మామూలు ఉత్తరానికి అక్కడ ఎనిమిది ఫెన్‌లే అయ్యేది.

"దీనివల్ల ఎంతొస్తుంది?" అని మావారు అడిగారు. నేను చెప్పిన టి.46 కోతి బొమ్మ బిళ్ళ. ఎర్రటి నేల మీద నల్లటి కోతి. హువాంగ్ యోంగ్యూ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ, 1980 ఫిబ్రవరి 15న వచ్చింది. చైనా జంతు సంవత్సరాల బిళ్ళల్లో ఇదే మొదటిది. అప్పుడు ఎనిమిది ఫెన్‌లు, ఇప్పుడు వేల యువాన్లు. నకిలీలూ బోలెడు. నా దగ్గర అసలూ లేదు, నకిలీ కూడా లేదు. నేను కోతిని వెతకలేదు. రెండే రకాలు ఏరుకున్నాను, పల్లెటూళ్ళూ పాత కళలూ.

పాత కళల్లో నాకు మొదట దొరికింది 1984లో వచ్చిన మూడు బిళ్ళల సెట్టు. తాంగ్ రాజుల కాలం నాటి చిత్రకారుడు జౌ ఫాంగ్ వేశాడని చెప్పే పట్టుచుట్ట మీద బొమ్మలు. ఎత్తుగా ముడి వేసుకుని, ఆ ముడి మీద పెద్ద పెద్ద పూలు పెట్టుకున్న అంతఃపురం ఆడవాళ్ళు. ఒకామె కుక్కపిల్లతో ఆడుతుంటుంది, ఒకామె చేతిలో సీతాకోకచిలుక. వెయ్యేళ్ళ నాటి పరదేశపు ఆడవాళ్ళు తలలో పూలతో కనిపిస్తే నాకు పరాయిగా అనిపించలేదు. మనం ఇక్కడ మల్లెపూల కోసం ఎంత దూరం డ్రైవ్ చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. దున్‌హువాంగ్ గుహల కుడ్యచిత్రాలు 1952 నుంచే బిళ్ళల మీదికి వచ్చాయి. గాలిలో తేలే ఆ అప్సరసలు మన దేశం నుంచి బౌద్ధంతో పాటు వెళ్ళినవాళ్ళే.

అసలు ప్రయాణం ఏప్రిల్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం పక్కన, బర్లింగేమ్‌లో సముద్రపు పాయ ఒడ్డునున్న హోటల్లో ఏటా వెస్ట్‌పెక్స్ అనే స్టాంపుల ప్రదర్శన జరుగుతుంది. 101 మీద ముప్ఫై మైళ్ళ పైన. మావారూ అమ్మాయీ ఒడ్డున విమానాలు దిగడం చూస్తామన్నారు. నేను లోపలికి వెళ్ళాను.

హాలంతా బల్లలు. నెత్తి మీద లైటు, చేతిలో భూతద్దం, పట్టకారు. అందరూ వంగి కూర్చుని అట్టపెట్టెల్లో వెతుకుతున్నారు. మాటలు లేవు, కాగితాల గరగర ఒక్కటే. ఎక్కువమంది తల నెరిసిన మగవాళ్ళు. చున్నీ వేసుకుని వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటా. చైనా బిళ్ళలున్న బల్ల దగ్గర ఒక పెద్దాయన, ఇండియానా అని అడిగి, తనే ఒక పుటకి తిప్పి చూపించాడు. డాక్టర్ కోట్నిస్! 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి వెళ్ళిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో ఒకరు. అక్కడే సైనికులకి వైద్యం చేస్తూ 1942లో పోయారు. నలభై ఏళ్ళ తర్వాత 1982లో చైనా ఆయన పేరిట రెండు బిళ్ళలు వేసింది. ఆయన పుట్టిన షోలాపూర్, మన చేనేత కుటుంబాలు తరతరాలుగా మగ్గాలు ఆడించిన ఊరు. ఆ రెండూ తీసుకున్నాను.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. కొరియా యుద్ధం రోజుల్లో, 1950 డిసెంబరులో అమెరికా చైనా సరుకులన్నీ రాకుండా ఆపేసింది. తపాలా బిళ్ళలూ ఆ లెక్కలోకే వచ్చాయి. 1971లో నిషేధం సడలించేదాకా ఇరవై ఏళ్ళ పాటు ఆ చిన్న కాగితం ముక్క ఈ దేశంలోకి తేవడం నేరం. అందుకే ఆయన చిన్నప్పటి ఆల్బంలో చైనా పుటలు ఖాళీగా ఉండేవట. అలా అప్పుడు రాకూడని ఒక సెట్టు నా ముందు పెట్టాడు. 1959లో వచ్చిన ప్రజా కమ్యూన్ల సెట్టు, పన్నెండు బిళ్ళలు. పొలం, ఫ్యాక్టరీ, బడి, శిశువుల కేంద్రం, వృద్ధుల ఇల్లు, అందరికీ కలిపి వండే భోజనశాల. పల్లెటూరంతా పన్నెండు ముక్కల్లో. ఆరు డాలర్లకి వచ్చింది. ఎంతో సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను.

దాంతో పాటే 1974 నాటి ఆరు బిళ్ళలు కూడా. షీయాన్ దగ్గర హూషియన్ అనే చోట రైతులే వేసిన బొమ్మలు. నిండైన రంగులు, కలిసి పనిచేసే జనం. చూడగానే మా అమ్మమ్మగారి ఊరు కళ్ళముందుకొచ్చింది. అక్కడి రైతులకి 1958లో జలాశయం పనులు జరిగే చోటే బొమ్మలు నేర్పడం మొదలుపెట్టారు. చదువుకున్న చిత్రకారులు పక్కనుండి దిద్దారన్న సంగతి తర్వాతెప్పుడో బయటికొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆల్బం పట్టుకుని నైనై ఇంటికి వెళ్ళాను, మెచ్చుకుంటుందని. మనవరాలు ఇంట్లోనే ఉంది, పద్నాలుగేళ్ళ పిల్ల, తనే మాకు దుబాసీ. నైనై పూలముడి ఆడవాళ్ళని చూసి నవ్వింది, కోట్నిస్‌ని గుర్తుపట్టి పేరు చెప్పింది. కమ్యూన్ల పుట దగ్గర ఆగిపోయింది. భోజనశాల బిళ్ళ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

తర్వాత మెల్లగా చెప్పింది. మనవరాలు ఒక్కో ముక్కా ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చింది. వాళ్ళది అన్‌హుయి రాష్ట్రంలో పల్లెటూరు. 1958లో ఇళ్ళలో పొయ్యిలు తీసేయించి, ఇనప మూకుళ్ళు కరిగించడానికి పట్టుకుపోయి, అందరూ భోజనశాలకి వెళ్ళి తినాలన్నారు. మొదట్లో కడుపు నిండా పెట్టారు. పిల్లలకి పండగలా ఉండేది. మరుసటేడు చలికాలానికి గంజి, ఆ గంజిలోనూ గింజలు లేవు. వాళ్ళమ్మ తన గిన్నె పిల్లల వైపు తోసి, నాకు ఆకలి లేదనేది. ఇంట్లో పొయ్యి లేదు, ఆకు ఉడకబెట్టుకోవడానికి మూకుడూ లేదు. చెట్ల బెరడు తిన్నారు. తమ్ముడు వసంతం దాకా ఉండలేదు.

మనవరాలు అక్కడ ఆగింది. ఆ మాట మార్చడానికి దానికి నోరు రాలేదు. తనకో తాతయ్య ఉండేవాడని ఆ పిల్లకీ అప్పుడే తెలిసింది.

ఆ కరువు 1959 నుంచి 1961 దాకా. చనిపోయినవాళ్ళు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని చరిత్రకారుల రకరకాల అంచనాలు. ఆ కరువు మొదలైన ఏడాదే ఈ బిళ్ళ అచ్చయింది. పన్నెండు బిళ్ళల్లో ఎక్కడా ఆకలి ఛాయ లేదు. ఆల్బం మూసేసి, క్షమించమని చేతులు పట్టుకుంటే, నైనై తల అడ్డంగా ఊపింది. తనే మళ్ళీ తెరిచి, ఆ పుట వదిలేసి, 1959లోనే వచ్చిన ఇంకో సెట్టు చూపించింది. కత్తెరతో కాగితం కత్తిరించి చేసే బొమ్మలు నాలుగు. వాటిలో కోడిపుంజు ఉంది, దానిమ్మ ఉంది. వాళ్ళమ్మ కొత్త సంవత్సరానికి కిటికీకి అంటించడానికి అలాంటివి కత్తిరించేదట.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. హూషియన్ బొమ్మలు చూస్తే అమ్మమ్మగారి ఊళ్ళో నాట్లు గుర్తొచ్చాయని కూడా అన్నాను. పచ్చటి మడి, వరసగా వంగిన ఆడవాళ్ళు, పాటలు. అమ్మ కాసేపు ఊరుకుని, "నువ్వు గట్టు మీంచి చూశావు కాబట్టి నీకు పాట గుర్తుంది. మడిలో దిగినవాళ్ళనడిగితే నడుం నొప్పి చెబుతారు" అంది. నిజమే. మేం గట్టు మీది వాళ్ళం. ఇక్కడ సంక్రాంతికి కమ్యూనిటీ హాల్లో అట్టతో ఎడ్లబండి చేసి, గడ్డి పరిచి, పిల్లలకి పల్లెటూరంటే ఇదీ అని చూపిస్తాం. చుట్టూ అంచు కత్తిరించిన బొమ్మ. మేమూ బిళ్ళ అచ్చు వేస్తున్నట్టే. ప్రభుత్వానికైతే అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉంది, మరి మాకేముంది?

కమ్యూన్ల సెట్టు పారేద్దామా అనుకున్నాను. అప్పుడు మా మేడమ్ మాట గుర్తొచ్చింది. పారేయాల్సింది నమూనాని కాదు, లేబుల్ రాయాలి. మర్నాడు నైనైని అడిగితే సరేనంది. మనవరాలు చైనీసులో చెబుతూ ఉంటే ఆవిడే వణికే చేత్తో చిన్న కాగితం మీద రాసింది: ఊరి పేరు, ఏడాది, తమ్ముడి పేరు, వయసు. భోజనశాల బిళ్ళ కింద అది పెట్టాను. పక్కన తెలుగులో నేనూ రాశాను, ఎవరు చెప్పారు, ఎక్కడ, ఏ తేదీన అని.

ఇంకో కాగితం సగంలో ఉంది. అమ్మమ్మగారి మడిలో నాట్లు వేసినవాళ్ళ పేర్లు చెప్పమని అమ్మని అడిగాను. ముగ్గురివి వెంటనే చెప్పింది. మిగిలినవాళ్ళవి ఊళ్ళో కనుక్కుని చెబుతానంది. అట్ట ఎడ్లబండి ఈ సంక్రాంతికీ ఉంటుంది. దాని పక్కన ఆ పేర్లు కూడా పెడదామని ఉంది.