తుఫాను వస్తే కుక్క సంగతేమిటి?

పిల్లలూ, మీలో ఎంతమంది ఇళ్ళల్లో కుక్క ఉన్నది? ఉన్నవాళ్ళని ఒక మాట అడుగుతాను. పెద్ద తుఫాను వస్తున్నది, ఇల్లు వదిలి తక్షణం బయలుదేరండి అన్నారనుకోండి. లారీ వీధిలో నిలబడి ఉన్నది. కుక్కని ఏం చేస్తారు?

"వెంట తీసుకుపోతాం!" అని మీరు చప్పున అంటారు. మీ అమ్మా నాన్నా మటుకు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్ళు దయలేనివాళ్ళని కాదు. లారీలో చోటు చాలదు, శిబిరంలో పసిపిల్లలుంటారు, కుక్క ఎవరినన్నా కరిస్తే ఎవరిది పూచీ? ఇవేవీ కొట్టిపారెయ్యదగ్గ మాటలు కావు. అయినా ఈ తగవులో నేను మీ పక్షమే. ఎందుకో చెబుతాను.

నేను సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గిర తీరం దాటింది. ముందురోజు మా ఊరి జనాన్ని బడికి తరలిస్తూంటే ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని కదలనన్నది. ఆవిడ పక్కన ఒక ఎర్రకుక్క.

"మామ్మా, కుక్కకేం, ఎక్కడో అక్కడ తలదాచుకుంటుంది. నువ్వు పద!" అన్నారు కుర్రవాళ్ళు.

"దీన్నొగ్గీసి నాను రాను. మీరెల్లండి," అన్నది ముసలమ్మ.

ఆవిడ రాకపోతే కొడుకు రాడు. కొడుకు రాకపోతే కోడలూ, ఇద్దరు పిల్లలూ రారు. చూశారా? లారీవాళ్ళు తప్పించుకుందామనుకున్నది ఒక్క కుక్కని. దానివల్ల ఆగిపోయినవి అయిదు ప్రాణాలు! చివరికి బడి పంతులుగారు, "కుక్కని కూడా ఎక్కించండయ్యా, వెనకగది మూల కట్టుకుంటుంది," అనేసరికి అందరూ నిమిషంలో ఎక్కారు. మర్నాడు గాలి బడి తలుపులని ఊడబెరికేటట్టు కొడుతూంటే, ఆ కుక్క కిక్కురుమనకుండా ముసలమ్మ కాళ్ళ దగ్గిర ముడుచుకుని పడుకున్నది. దాన్ని చూసి జడుసుకున్న పిల్లలు, సాయంత్రానికి దానికి తమ అన్నంలోంచి ముద్దలు పెట్టారు.

ఇది మా చిన్న ఊరి సంగతి. ఇలాటిదే ఒక మహానగరంలో జరిగితే ఏమవుతుందో అమెరికావాళ్ళకి అనుభవం అయింది. 2005 ఆగస్టు 29న కత్రీనా అనే తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కాపాడే కరకట్టలు తెగి, ఊరు నూటికి ఎనభైపాళ్ళు నీట మునిగింది. ప్రజలకోసం పెట్టిన శిబిరాలలో చాలావాటిలోకి పెంపుడు జంతువులని రానివ్వలేదు. అందుచేత ఎంతోమంది, "మా కుక్క లేకుండా మేము రాము," అని మునిగే ఇళ్ళలోనే ఉండిపోయారు. వాళ్ళని తరవాత పడవలమీదా, హెలికాప్టర్లమీదా తేవలసివచ్చింది. అక్కడ బస్సు ఎక్కుతున్న ఒక చిన్న పిల్లవాడి చేతిలోంచి అతని తెల్లని బొచ్చుకుక్కని లాగేసుకున్నారట. దాని పేరు స్నోబాల్, అంటే మంచుముద్ద. ఆ పేరు పిలుస్తూ ఏడ్చి ఏడ్చి పిల్లవాడికి వాంతి అయిందని పత్రికలు రాస్తే దేశం యావత్తూ చదివి బాధపడింది. మరుసటి ఏడు, 2006 అక్టోబరులో, అక్కడ ఒక చట్టమే వచ్చింది: ప్రమాద సమయంలో జనాన్ని తరలించే పథకాలలో పెంపుడు జంతువుల సంగతి కూడా ఉండి తీరాలని. పెద్దపెద్ద అధికారులు గ్రహించినది కూడా మా పంతులుగారు గ్రహించినదే. కుక్కకి చోటిస్తే మనిషి కదులుతాడు.

"మరి నిజంగానే చోటు లేకపోతే?" అంటారు. మనిషి ఎక్కవలసిన చోట కుక్కని ఎక్కించమని నేను ససేమిరా అనను. పసిబిడ్డ తరవాతే ఏదైనా. కాని అప్పుడు కూడా చెయ్యవలసిన పని ఒకటున్నది: కట్టు విప్పటం. కట్టుతాడు లేని కుక్క ఈదగలదు, మెరక వెతుక్కోగలదు. పశువుల విషయం కూడా ఇంతే. 1977 నవంబరు 19న దివిసీమమీద పడిన ఉప్పెనలో వేలాది మనుషులూ, లెక్కలేనన్ని పశువులూ పోయిన తరవాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. ఉప్పెన నీరు కిందుగా పోవటానికి వాటిని ఎత్తైన స్తంభాలమీద నిలుపుతారు. మేకనో కుక్కనో ఆ స్తంభానికి కట్టి మీరు మేడ ఎక్కితే దాని గతి ఏమిటి?

"రెండు మూడు రోజుల్లో తిరిగివస్తాంగా" అని ఇంట్లో వదలటం కూడా నమ్మదగ్గది కాదు. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలినప్పుడు, పక్కనున్న ప్రిప్యాత్ పట్నంవాళ్ళకి అలాగే చెప్పారు. జంతువులని వదిలి బస్సులు ఎక్కిన ఆ జనం మళ్ళీ అక్కడ కాపరం చెయ్యనేలేదు. అక్కడ మిగిలిపోయిన చాలా కుక్కలని, వాటి ఒంటిమీది విషధూళి ఇతరులకి అంటుతుందని కాల్చివేశారు.

అంచేత, కుక్క సంగతి లారీ వచ్చినప్పుడు కాదు, ఎండ కాస్తున్న రోజున తేల్చుకోవాలి. రేబీస్ టీకా వేయించి, వేసినట్టు కాగితం ఇంటి దస్తావేజులతోపాటు దాచండి. శిబిరంలో మీ కుక్కని చూసి భయపడే తల్లికి ఆ కాగితమే సమాధానం. గట్టి తాడూ, మూతికి జాలీ, రెండు రోజుల తిండీ ఒక సంచీలో ఉండాలి. మూతిని గుడ్డతో బిగించి కట్టకండి. కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పితేనే దాని ఒంటి వేడి దిగుతుంది. మీ ఊరి శిబిరంలో కుక్కని రానిస్తారో లేదో మీ నాన్నగారిని ఇప్పుడే కనుక్కోమనండి. రానివ్వరంటే, మెరక ఊళ్ళో ఏ పెదనాన్నగారింట్లోనో, అత్తయ్యగారింట్లోనో దానికి చోటు మాట్లాడి ఉంచవచ్చు.

మా ఇంటి కుక్క పేరు పాండు. ఈ మధ్య దానికి మూతలున్న వెదురుబుట్టలో ఎక్కి కూర్చోవటం నేర్పుతున్నాను. బిస్కట్టు చూపితే చటుక్కున ఎక్కుతున్నది గాని, మూత వెయ్యబోతే మటుకు బిస్కట్టుతో సహా బయటికి దూకుతున్నది.