మా తాత కంబళి – నా సైన్సు

"సైన్సు విద్యార్థివి గదా, సంచికకు ఏదైనా విజ్ఞానదాయకంగా వ్రాయవోయ్" అని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, చంద్రమండలాన్ని గురించో అణుశక్తిని గురించో వ్రాయాలని నాకూ ఉబలాటం కలిగింది. కానీ వాటిని గురించి నాకు తెలిసినదంతా పుస్తకాల్లోదే. నా అంతట నేను, దెబ్బ తిని నేర్చుకున్న సైన్సు ఒక్కటే వుంది. అది ఒక పురుగును గురించినది. అర అంగుళం కూడా లేని ఆ పురుగు మా ఇంట్లో దాదాపు ఒక సంవత్సరంపాటు నన్ను ఓడించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే వున్నా, అదే వ్రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, అదీ పడితే! వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం మా నాయన వృత్తి. మాది పాతకాలపు మట్టిమిద్దె. నడిమింట్లో ఒక ట్రంకు పెట్టె. అందులో మా ఇంటి ఆస్తులు రెండు: ఒకటి మా అమ్మ పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర, రెండు మా తాత కంబళి.

ఆ కంబళి పక్క ఊరి కురుబలు నేసినది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి నేస్తారు. వానలో కొప్పెర పెట్టుకుంటే గొడుగు, చలికి కప్పుకుంటే దుప్పటి, కళ్ళంలో పరుచుకుంటే పక్క. మా తాత దాన్ని ముప్పై ఏండ్లు వాడినాడు. 2019లో ఆయన పోయినాక మా అవ్వ దాన్ని ఉతకకుండా, దులపకుండా, అట్లే మడిచి పెట్టెలో పెట్టి మూత వేసింది. ఎందుకు ఉతకలేదని ఎవరం అడగలేదు. అడగవలసిన ప్రశ్న కాదని అందరికీ తెలుసు.

2023 వేసవిలో మా అక్కకు పెళ్ళి మాటలు మొదలయినాయి. అమ్మ తన పట్టుచీర అక్కకు ఇద్దామని పెట్టె తెరిచింది. బియ్యపుగింజ రంగు రెక్కల పురుగులు నాలుగయిదు లోపలినుంచి లేచి, వెలుతురు వైపు రాకుండా మళ్ళీ చీకట్లోకే పరుగెత్తినాయి. చీర అంచు దగ్గర మూడు చిల్లులు. కంబళి తీసి చూస్తే చెయ్యి దూరేంత కంతలు! దాని మడతల్లో నూలుపోగులతో అల్లినట్లున్న చిన్న చిన్న గొట్టాలు. వాటిలోనుంచి తలలు బయటపెట్టి చూస్తున్న పురుగులు.

"ఇదేందిరా అబ్బీ, మీ తాత కంబళిని తినేస్తాండాయే!" అని అవ్వ కూలబడింది.

నేను అప్పటికి మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి వచ్చినవాణ్ణి. జువాలజీలో మంచి మార్కులు. "ఇంతేనా అవ్వా, నేను చూసుకుంటాను" అన్నాను. ఆ ఒక్క మాట నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో చదువరులు ఇకమీద చూస్తారు.

మొదటి ప్రయోగం అవ్వదే: వేపాకు. పచ్చిగా కొంత, ఎండుగా కొంత పెట్టెలో పరిచింది. పురుగులు వేపాకు మీద నడుచుకుంటూ పోయి కంబళిని తిన్నాయి. రెండోది నాది: కలరా ఉండలు. అంగట్లో రెండు పొట్లాలు కొని తెచ్చి పెట్టె నాలుగు మూలలా వేశాను. ఆ ఉండ నాఫ్తలీన్, కరగకుండానే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలి చొరని పెట్టెలో దట్టంగా నిండితేనే పురుగు చస్తుంది. మా పెట్టె అడుగు తుప్పుపట్టి ఎక్కడికక్కడ కంతలు. ఆవిరి ఇంట్లోకి వచ్చింది, మాకు తలనొప్పి వచ్చింది, పురుగు మాత్రం పోలేదు. దసరా సెలవులకు వెళ్ళి చూస్తే ఉండలు బఠాణీలంత అయినాయి, పురుగులు రెట్టింపయినాయి.

ఇంతలో పెళ్ళి కుదిరింది. అవ్వ నన్ను ఏమీ అనలేదు గానీ, నా మాట మీద నమ్మకం పోయిందని ఆమె పెట్టెను చూసే చూపులోనే తెలిసింది. నాకు రోషం వచ్చింది.

2024 సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు, పశువుల కొట్టంలో నాయన దాచిన మందుపొడి కనిపించింది. వేరుశనగ చేనికి ఎర్ర గొంగళిపురుగు వస్తే చల్లే ఆర్గానోఫాస్ఫరస్ మందు. గొంగళిపురుగును చంపేది గొంగళిని తినే పురుగును చంపదా అని నా తర్కం! ఎవరికీ చెప్పలేదు. పనయినాక చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను. అమ్మ చీరను పక్కన పెట్టి, కంబళి మడత మడతకూ ఆ పొడి చల్లి, పెట్టె మూసి, భోగి మంటల దగ్గరకు పోయినాను.

ఆ రాత్రి చలి గట్టిగా వుంది. అవ్వకు నిద్ర పట్టలేదు. పండుగ రోజుల్లో తాత గుర్తుకు వచ్చినాడో ఏమో, లేచి పెట్టె తెరిచి, ఆ కంబళి తీసి ముసుగు పెట్టుకుని పడుకుంది.

తెల్లవారుజామున అమ్మ కేక వేసింది. అవ్వ ఒళ్ళంతా చెమట. నోట చొంగ కారుతోంది, వాంతులు, చూపు మసక. కంబళి చూడగానే నాకు కాళ్ళు వణికినాయి. నాయనతో నిజం చెప్పాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా అవ్వను ఎత్తుకుని ఆటో ఎక్కించినాడు. మందు పొట్లం మాత్రం నా చేత పట్టించినాడు. టౌను ఆసుపత్రిలో డాక్టరుగారు అవ్వ కంటిపాప సూదిమొనంత అయివుండటం చూసి, "ఏ మందు?" అన్నారు. పొట్లం ఇచ్చాను. అట్రోపిన్ సూదులు వేశారు. చీర తీయించి ఒళ్ళంతా సబ్బుతో కడిగించారు. మూడో రోజుకు అవ్వ లేచి కూర్చుంది.

పురుగు నరాలకు పట్టే మందు మనిషి నరాలకూ పడుతుందని నేను పరీక్షలో వ్రాసినవాణ్ణే. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఆపుతుందని వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే!

నాయన తిడతాడని ఎదురు చూశాను. తిట్టి వుంటే బాగుండేది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "చేనికి కొట్టేటప్పుడు కూడా నేను మూతికి గుడ్డ కట్టుకుంటానురా" అన్నాడు, అంతే. అవ్వ మాత్రం, "నా మేలు కోరే గదా చేసినాడు, వాన్నేమీ అనొద్దండి" అంది. అది ఇంకా కష్టంగా తగిలింది.

కాలేజీకి తిరిగి వచ్చి, నాలుగు పురుగులను అగ్గిపెట్టెలో వేసుకుని మా జువాలజీ లెక్చరరుగారి దగ్గరకు పోయినాను. జరిగిందంతా చెప్పాను. ఆయన భూతద్దంతో చూసి, "ఇవి టినియిడే కుటుంబానివి. గూడు మోసుకు తిరుగుతున్నాయి గనుక టినియా కావచ్చు. ఏ జాతో తేల్చాలంటే పెద్దపురుగును మైక్రోస్కోపు కింద కోసి చూడాలి. అది సరే, వీటి తిండి ఏమిటి?" అన్నారు. "ఉన్ని సార్" అన్నాను. "ఉన్ని అంటే ఏమిటి?" "కెరటిన్." "మరి ఇంట్లో కెరటిన్ ఎక్కడెక్కడ వుందో చూశావా? పెట్టె ఒక్కటే చూస్తే ఎట్లా?"

ఆరోజు ఆయన చెప్పినది నేను ఏ పాఠంలోనూ అంత శ్రద్ధగా వినలేదు. రెక్కల పురుగు ఏమీ తినదు. గుడ్లు పెట్టడమే దాని పని. తినేది పిల్లపురుగు. కెరటిన్‌లోని గంధకపు బంధాలను తెంచి అరిగించుకోగల పొట్ట జంతులోకంలో బహు కొద్ది ప్రాణులకే వుంది, వాటిలో ఇదొకటి. పట్టు కెరటిన్ కాకపోయినా దాన్నీ విడిచిపెట్టదు. ఒట్టి శుభ్రమైన ఉన్నికంటే చెమట, నూనె, జిడ్డు పట్టిన ఉన్ని దానికి ఎక్కువ ఇష్టం. అందులో ఉప్పులూ విటమినులూ దొరుకుతాయి. చీకటి కావాలి, కదలిక వుండకూడదు.

అప్పుడు నాకు కంబళిలో కంతలు ఎక్కడ పడినాయో గుర్తుకు వచ్చింది. తల దగ్గర, భుజాల దగ్గర. అంటే, మా తాత చెమట పట్టిన చోట. అవ్వ ఏ వాసన పోకూడదని ఉతకకుండా దాచిందో, పురుగు సరిగ్గా అక్కడే తిన్నది. తాత బతికి వుండగా ప్రతి ఉగాదికి ముందు కంబళిని బండమీద వేసి కర్రతో కొట్టి రెండు రోజులు ఎండకు పెట్టేవాడు. అది ఆయన చాదస్తమని మేము నవ్వుకునేవాళ్ళం. ఆ చాదస్తమే ముప్పై ఏండ్లు కంబళిని కాపాడింది.

2024 ఏప్రిల్‌లో, ఉగాదికి ఇంటికి పోయి, ఇంట్లో కెరటిన్ ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టాను. పెట్టెకు సరిగ్గా పైన, దూలం సందులో ఒక పాత సంచి కనిపించింది. దించి విప్పితే తలవెంట్రుకలు! మా అవ్వ, అమ్మ, అక్క తల దువ్వుకున్నప్పుడల్లా ఊడిన వెంట్రుకలు చుట్టచుట్టి అందులో వేసేవారు. వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మనిషి ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. 2020లో కరోనా వచ్చినప్పటినుంచి అతను మా ఊరికి రావడం మానేశాడు. సంచి మాత్రం నిండుతూనే వుంది. సంచి నిండా గూళ్ళు, పొట్టు, పాకుతున్న పురుగులు. నేను కింద పెట్టెలో చంపుతుంటే, పైన సంచిలో పుడుతున్నాయన్న మాట!

"రెండు గిన్నెలు వస్తాయనుకుంటిరా, నీ అక్క కాపురానికి" అంది అవ్వ.

సంచిని పేడదిబ్బలో లోతుగా పూడ్చాము. పెట్టె ఖాళీ చేసి, సందుల్లోని దుమ్మంతా ఊడ్చి, వేడినీళ్ళతో కడిగి, తుప్పుకంతలు మూయించాము. కంబళిని ఊరిబయట, మా నీళ్ళు ఎవరూ తొక్కని చోట, చేతులకు తొడుగులు వేసుకుని నేనొక్కడినే సబ్బునీళ్ళలో నాలుగుసార్లు ఉతికాను. ఉతకడానికి అవ్వ ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. తరువాత పది రోజులు బండమీద ఎండ. మా అనంతపురం ఎండలో నల్ల కంబళి ఎంత కాగుతుందో వేరే చెప్పాలా? యాభై అయిదు డిగ్రీలు దాటిన వేడికి గుడ్డు కూడా నిలవదు. పట్టుచీరకు ఎండ పనికిరాదు గనుక, దాన్ని పాలిథిన్ సంచిలో గట్టిగా చుట్టి, కూల్‌డ్రింకుల అంగడివాళ్ళను బతిమాలి వాళ్ళ డీప్‌ఫ్రీజరులో పెట్టించాను. మా అమ్మ పెళ్ళిచీర రెండు వారాలు పుల్ల ఐసుల పక్కన పడుకుంది. ఆ చీరనే, అంచు రఫ్ చేయించుకుని, అక్క పెళ్ళిలో కట్టుకుంది.

కంబళి కంతలకు కురుబల పెద్దాయన ఒకాయన మాసికలు వేసి ఇచ్చినాడు. పాత నలుపుకూ కొత్త నలుపుకూ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అవ్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "మీ తాత వాసన పోయిందిలే" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆమె దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. రోజూ కప్పుకుంటోంది. రోజూ దులిపే గుడ్డకు పురుగు పట్టదు.

అప్పటినుంచి ప్రతి ఉగాదికి ముందు కంబళిని బండమీద వేసి కొట్టడం నా వంతు అయింది. ఈ సంవత్సరం కూడా పోయి కొట్టి వచ్చాను. అవ్వ నీడన కూర్చుని, "ఆ మూల ఇంకో దెబ్బ వెయ్యిరా" అని చెబుతోంది. మా తాతకు కూడా ఆమె అట్లే చెప్పేదట.

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి