బెల్లం ఊరి నుంచి ఫతే మైదానానికి

సాయంత్రం అనకాపల్లి స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడ్డాం. మా చిన్నాన్న చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో మందులు, దుప్పటి. రెండోదాంట్లో బెల్లం.

"హైదరాబాదులో బెల్లం దొరకదేటి చిన్నాన్నా?"

"దొరుకుద్దిరా. మన బెల్లం దొరకొద్దూ!"

ఆయనకు 83 ఏళ్లు. ఈ వయసులో రాత్రంతా రైల్లో కూర్చుని వెళుతున్నది కంటి ఆపరేషన్‌కు కాదు, మనవరాలి పెళ్లికీ కాదు. ఓ మైదానం చూడ్డానికి! 'మోకాళ్లు పనిచేస్తున్నప్పుడే ఓపాలి సూపించీరా' అని రెండేళ్లుగా నా వెంట పడుతున్నాడు.

ఆ పిచ్చి ఇప్పటిది కాదు. చిన్నప్పుడు శారదా నది ఒడ్డున గుడ్డపీలికల బంతితో ఆడుకునే రోజుల్లో పట్టుకుంది. టీకొట్టుకు వచ్చే పేపర్లో ఆటల వార్తలు ఎవరో పైకి చదివేవారట. బొంబాయిలో రోవర్స్ కప్పు... హైదరాబాద్ సిటీ పోలీస్ గెలుపు. మరుసటేడు అదే కప్పు, అదే జట్టు. ఇలా ఒకటీ రెండూ కాదు, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు! పోలీసులంటే దొంగల్ని పట్టుకునేవాళ్లనే తెలిసిన పిల్లాడికి, కప్పులు పట్టుకొచ్చే పోలీసులు కూడా ఉంటారని అప్పుడే తెలిసింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. అప్పటికి హైదరాబాదు మన రాష్ట్రంలో లేదు. అనకాపల్లి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో, తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. హైదరాబాదు వేరే రాష్ట్రం. ఇద్దరినీ కలుపుతూ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబర్ 1న. 2014లో మళ్లీ వేరయ్యాం. "మరి అది మన జట్టని ఎందుకు అనుకున్నావ్?" అని రైల్లో అడిగాను. "పేపర్లో పేరు మన తెలుగు అక్షరాల్లోనే కదరా పడింది" అన్నాడు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆ జట్టు వెనక ఉన్న మనిషి పోలీసు కాదు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు మొదలు పలు బడుల్లో పాఠాలు చెప్పాడు. అందుకేనేమో, ఆటను కూడా పాఠంలాగే చెప్పేవాడు. అడ్డొచ్చినవాణ్ని వేళాకోళం చేస్తూ బంతిని కాళ్ల మధ్యే తిప్పుకునే సరదా ఆటగాళ్లకు ఉంటుంది కదా! దాన్ని మాన్పించడానికి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి రాగానే పక్కవాడికి అందించాల్సిందే. బలంలేని కాలితో మాత్రమే ఆడాలనే పోటీలూ పెట్టాడు. కుడికాలి వాటం వాడైతే ఎడమకాలితోనే తన్నాలన్న మాట. హాస్యంగా కనిపించే ఈ చిట్కాల నుంచే నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఆటగాళ్లు తయారయ్యారు.

రోవర్స్ ఒక్కటే కాదు. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఎదురుపడింది కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్. తొలిరోజు 2-2తో తేలలేదు. మళ్లీ ఆడించారు. 1-0తో కప్పు హైదరాబాదుకు వచ్చింది. 1954, 1957, 1961ల్లోనూ డ్యూరాండ్ మనవాళ్లదే. ఫుట్‌బాల్ అంటే బెంగాలీలదే అనుకునే దేశంలో ఇది చిన్న విషయం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు కోచ్ రహీమ్. ఆటగాళ్లలో హైదరాబాదు కుర్రాళ్లు పలువురు.

పొద్దున్నే నాంపల్లిలో దిగి, టిఫిన్ చేసి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టలేదు. లాల్ బహదూర్ స్టేడియం అంటే గానీ ఆటోడ్రైవరుకు అర్థం కాలేదు. ఫతే మైదాన్ అంటే విజయ మైదానం. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడ విడిది చేశాయనీ, గెలిచాక ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. 1967లో శాస్త్రిగారి పేరు పెట్టారు. 2023 డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగిందీ ఇక్కడే.

చిన్నాన్న గేటు దగ్గర చెప్పులు విప్పబోయాడు. గుడి కాదు కదా అని నేనే ఆపాను. తర్వాత అనిపించింది, ఆపకుండా ఉండాల్సింది.

లోపల మెట్ల మీద కూర్చున్నాం. రహీమ్ బొమ్మ కోసం, ఆ ఐదేళ్ల కప్పుల ఫొటో కోసం కళ్లద్దాలు తుడుచుకుని మరీ చుట్టూ చూశాడు. మేం తిరిగినంత మేర కనిపించలేదు. "పోన్లే" అన్నాడు గానీ ఆ మాటలో 'పోన్లే' లేదు.

అప్పుడు బలరామ్ గురించి చెప్పాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ పేదింటి పిల్లాడు. అక్కణ్నుంచి హైదరాబాదుకు రోజూ ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకు రహీమే డబ్బిచ్చాడట. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ స్వర్ణం నాటికే రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్లీ బంగారం రాలేదు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో పోయాడు. మరుసటేడు రహీమ్ కథతో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. దాన్ని చిన్నాన్న ఫోన్లో మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ ఏడ్చాడని పిన్ని చెప్పింది.

ఈమధ్య కాలంలో ఓసారి ఆశ పుట్టింది. హైదరాబాద్ ఎఫ్‌సి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కానీ 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది.

వెళ్దామా అంటే కదల్లేదు. ఓ మూల నలుగురు పిల్లలు బంతితో ఆడుతున్నారు. కర్ర ఊతంగా లేచి, మెల్లగా మెట్లు దిగి వాళ్ల దగ్గరికి వెళ్లాడు. సంచిలోంచి బెల్లంముక్కలు తీసి నలుగురి చేతుల్లో పెట్టాడు.

"ఇప్పుడు ఎడంకాల్తో తన్నండ్రా!"

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అందర్లోకి చిన్నవాడు నోట్లో బెల్లం చప్పరిస్తూనే ఎడమకాలు ఊపాడు. బంతి పక్కకు దొర్లిపోయి గోడకు తగిలింది. మిగతావాళ్లు ఒకటే నవ్వు.

"ఇంకోపాలి" అన్నాడు చిన్నాన్న.