ముఖశస్త్రచికిత్సయు, పిదపటి పథ్యమును

ముఖమునందు సడలిన చర్మమును బిగించు శస్త్రచికిత్సను వైద్యులు ఫేస్‌లిఫ్ట్ అందురు. ఇట్టి విషయమును గృహిణుల పత్రికలో వ్రాయుట తగునా యని కొందఱు సోదరీమణులు శంకింపవచ్చును. ఇది చలనచిత్ర నటీమణుల వ్యవహారమని లోకము తలచుచున్నది. కాని విశాఖపట్నమున ఈ చికిత్స చేయువారున్నారు. మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి పోయి చేయించుకొని, ఎవరికిని చెప్పక యుండువారును ఉన్నారు. చేయించుకొనుటకు ముందు ఉత్సాహపెట్టువారు పెక్కురు; ఇంటికి వచ్చిన పిదప దినములెట్లు గడచునో చెప్పువారు అరుదు. గత భాద్రపదమున, వినాయక చవితి వెళ్లిన వారమునందు, మా పెద్ద వదినెగారికి ఈ చికిత్స జరిగెను. పరిచర్య మా వంతు వచ్చినది. కన్నదియు, వైద్యులవలన విన్నదియు ఇచట వ్రాయుచున్నాము.

వదినెగారికి ఏబదియేడు సంవత్సరములు. భర్తగారు మూడేండ్లు మంచమున నుండి గతించిరి. ఆ మూడేండ్లలో వారి చెక్కులు జాఱి, పెదవుల కొనలు క్రుంగి, నవ్వునప్పుడు తప్ప తక్కిన వేళలందు ఇప్పుడే ఏడ్చి లేచినట్లు కనబడెడివారు. బస్సులోను, పెండ్లిపందిటిలోను, కూరగాయల బజారులోను "ఏమమ్మా, ఒంట్లో బాగులేదా?" అని అడుగనివారు లేరు. "నాకు దుఃఖము తీఱినది, నా ముఖమునకే తీఱలేదు. నాలుగేండ్లుగా పరామర్శలు వినలేక చచ్చిపోవుచున్నాను" అని వారు మాతో అనిరి. ఇంతకు మించిన కారణము వారు చెప్పలేదు, మేము అడుగలేదు.

చుట్టములలో ఒకామెకు ఈ సంగతి పొక్కినంతనే "మగడు పోయినదానికి మొగముతో పనియేమి?" అన్నది. మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద భారతము చదువుకొంటిమి. యయాతి తన ముసలితనమును కన్నకొడుకు నెత్తిన పెట్టి యౌవనము పుచ్చుకొనెను. చ్యవనుడు అశ్వినీదేవతల కృపచే మడుగున మునిగి పడుచువాడై లేచెను. ఆ ముసలివారికి ముఖముతో పనియేమని అడిగినవారు ఆ కథలలో మాకు కనబడలేదు. అయినను చ్యవనుని అదృష్టమే అదృష్టము. మడుగునుండి లేచినవానికి మూడవనాటి వాపు లేదు!

ఈ శస్త్రము మొదట జర్మనీ దేశమున బెర్లినునందు 1901 ప్రాంతమున హోలెండర్ అను వైద్యుడు చేసెనందురు. స్త్రీలు తలచుకొనదగిన పేరు మాత్రము ఫ్రాన్సు దేశపు సుజాన్ నోయెల్ గారిది. ఈమె మొదటి మహాయుద్ధమున ముఖములు చితికిన సైనికులకు చికిత్సచేసి, తరువాత వయస్సు మీఱినదను కారణముచే కొలువులు పోగొట్టుకొను స్త్రీల ముఖములను సరిచేసి, 1926లో ఈ విద్యపై గ్రంథము ప్రకటించెను. పూర్వము చర్మమును మాత్రమే లాగి కుట్టెడివారు. 1976లో మిట్జ్, పెరోనీ అను ఇరువురు వైద్యులు చర్మము క్రింది గట్టిపొరను వివరించిన పిదప, ఇప్పుడు ఆ పొరనే బిగించుచున్నారు. కణత కడ వెండ్రుకలలో మొదలిడి, చెవి ముందుగా దిగి, తమ్మె క్రిందుగా తిరిగి, చెవి వెనుక కేశములలోనికి పోవునట్లు కోయుదురు. కనుక గాయమంతయు చెవి చుట్టునే యుండును.

మొదటి రాత్రి ఆస్పత్రిలో నుండవలెను. తలచుట్టును మెత్తని కట్టు. చెవుల వెనుకనుండి సన్నని గొట్టములు. వానిగుండ నెత్తుటినీరు చిన్న డబ్బీలలోనికి దిగుచుండును. ఇవి మఱునాడు తీసివేసిరి. నొప్పి మేము భయపడినంత లేదు. బిగువు మాత్రము విస్తారము. ఎవరో జుట్టు పట్టి వెనుకకు లాగుచున్నట్లున్నదని వదినెగారు చేతితో చూపిరి. మాట కూడ సరిగా రాలేదు.

సోదరీమణులు ముఖ్యముగా ఎఱుగవలసినది ఒకటి కలదు. చర్మము క్రింద నెత్తురు చేరి గడ్డకట్టుట ఈ చికిత్సలో తఱచుగా వచ్చు ఉపద్రవము. నూటికి ఇద్దఱు ముగ్గురకు కలుగును. పెక్కింట మొదటి ఇరువదినాలుగు గంటలలోనే కలుగును. రక్తపుపోటు హెచ్చినను, బలముగా వాంతియైనను, దగ్గినను ఆ భయము పెరుగును. వాపు రెండు ప్రక్కల సమముగా నున్నచో కంగారు వలదు. ఒక చెక్కు మాత్రమే చూచుచుండగా ఉబ్బి, గట్టిపడి, ఆ ప్రక్కనే నొప్పి పెరిగినచో అర్ధరాత్రియైనను వైద్యునకు తెలుపవలెను. తెల్లవారనిండని కూర్చున్నచో పైచర్మము చచ్చిపోవును. ఇందుకొఱకే మేము మొదటి వారము ఆస్పత్రికి దగ్గరగా ఒక గది అద్దెకు తీసికొంటిమి. శ్రీకాకుళము నుండి వచ్చువారు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున మఱునాడే కారెక్కి పోవుట తెలివిగాదు. రెండవరాత్రి రెండుగంటలవేళ ఎడమచెక్కు పెద్దదిగా తోచి మాకు గుండె జల్లుమన్నది. తాకి చూడగా మెత్తగానే యున్నది. ఫోనుమీద ఛాయాచిత్రము పంపగా చూచి, ఆ ప్రక్కకు ఒరిగి నిద్రించుటవలన నీరు దిగినదని నర్సు చెప్పినది. మఱి తెల్లవారువఱకు వారిని పడకకుర్చీలో కూర్చుండబెట్టి, రెండువైపుల దిండ్లు చెక్కితిమి. రెండు వారములు తల ఎత్తుగానే యుంచి నిద్రింపవలెను.

వాపు రెండవ, మూడవ దినములందు పరాకాష్ఠకు వచ్చును. కమిలిన నలుపు మెడమీదికి, ఱొమ్ముమీదికి దిగి, ఆకుపచ్చయై, పసుపై, రెండు వారములకు పోవును. చెవి ముందరి కుట్లు ఆఱవనాడు, వెనుకవి పదవనాడు తీసిరి. నమలుట కష్టము గనుక చోడి అంబలి, మెత్తని పప్పన్నము, మజ్జిగ పెట్టితిమి. వంగరాదు, బరువెత్తరాదు. ముంగిట ముగ్గు వేయక దినము గడపుట వదినెగారికి శస్త్రముకంటె కష్టమైనది. నెత్తురును పలుచన చేయు ఆస్పిరిను వంటి మాత్రలు వైద్యుని అడుగక మ్రింగరాదు. గుండెజబ్బునకై వాడువారు తామై మానుటయు తగదు, ముందుగనే చెప్పవలెను.

సుశ్రుతసంహితలో తెగిన చెవితమ్మెలను అతికించు విధములు పదునైదు చెప్పబడినవి. అట్లు అతికించుకొన్నవారు చెవిని కదలింపరాదనియు, పగటినిద్ర, వ్యాయామము, అతిభోజనము, అగ్నితాపము, ఎక్కువగా మాటలాడుట విడువవలెననియు ఆ గ్రంథము విధించుచున్నది. విశాఖపట్నపు వైద్యుడిచ్చిన అచ్చుకాగితమున పగటినిద్ర తప్ప తక్కినవన్నియు నున్నవి. మేము ఆ సంగతి చెప్పగా ఆయన మిక్కిలి సంతోషించెను.

పొగ సంగతి మన ప్రాంతమువారికి వేఱుగా చెప్పవలెను. ఎత్తి కుట్టిన చర్మము సన్నని నెత్తురుగొట్టముల ఆధారమున బ్రదుకవలెను. పొగాకు వానిని ముడుచుకొనజేయును. చెవి వెనుక చర్మము నల్లబడి ఊడిపోవును. అందుచే ముందు నాలుగు వారములు, వెనుక నాలుగు వారములు పొగ మానుమందురు. వైద్యులు "సిగరెట్టు త్రాగుదురా?" అని అడుగుదురు. లేదని మన పెద్దముత్తైదువలు నిజముగానే చెప్పుదురు. చుట్ట సంగతి వారడుగరు, వీరు చెప్పరు! నిప్పును నోటిలోనికి పెట్టి పీల్చు అడ్డపొగ మన సముద్రతీర గ్రామముల స్త్రీలలో ఎంత వాడుకయో, అది అంగిటికి ఎంత కీడో, శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి పరిశోధకులు 1971లోనే ప్రకటించిరి. చుట్టయైనను, బీడీయైనను, నమలు పొగాకైనను అడుగకున్నను చెప్పవలెను.

రెండవ వారమున విజయనగరము మా యింటికి వచ్చితిమి. రహస్యము దాగునా? ఇరుగుపొరుగువారు వేడినీళ్ల కాపడమనిరి, పసుపు పట్టించుమనిరి, తలకు సాంబ్రాణి పొగ వేయుమనిరి. అన్నియు ప్రేమతోనే. కాని చెవులకును, చెక్కులకును స్పర్శ లేదు. వేడి తగిలి బొబ్బలెక్కినను రోగికి తెలియదు. మంచుగడ్డయు అంతే. మేము అందఱికిని కాఫీయిచ్చి పంపివేసితిమి.

అయిదవనాడు మొదలుకొని వదినెగారు కంటనీరు పెట్టుకొనసాగిరి. "నన్ను నేనే పాడుచేసికొంటినిగదా" యని అద్దముపై తువ్వాలు కప్పిరి. ఈ కుంగుబాటు పెక్కుమందికి వచ్చునని వైద్యుడు ముందే చెప్పియుండెను. చెప్పకున్న మా గతి యేమి? నవ్వబోయిన ఎడమ పెదవి సరిగా లేవక, పక్షవాతమేమోయని భయపడిరి. ముఖపు నరము కదలుటచే కొందఱికి ఇట్లగును; వారములలో, ఒక్కొక్కప్పుడు నెలలలో, తిరిగి వచ్చును. శాశ్వతముగా నిలుచుట నూటికి ఒకరికంటె తక్కువయే కాని, అసలు లేదని ఏ వైద్యుడైన పలికినచో వానియొద్ద చేయించుకొనవలదు.

అమెరికాలోని కుమారునకు వారు ఈ సంగతి చెప్పలేదు. ఆదివారముల వీడియో మాటలు రెండు తప్పగా ఆ పిల్లవాడు బెదరి మావారికి ఫోను చేసెను. మూడవ ఆదివారము వదినెగారు తామే తువ్వాలు తీసి ఎదుట కూర్చుండిరి. అతడు కొంతసేపు చూచి "అమ్మా, ఎవరు చూచుచున్నారు నిన్ను?" అనెను. వంట చేయుచున్న మా చేయి ఆగినది. "మీ అత్త చూచుచున్నది" అని వదినెగారు. "అది కాదమ్మా, రాత్రి ప్రక్కన ఎవరు పడుకొందురు అని" అతడు. మేము గరిటె మరల త్రిప్పితిమి.

సిరిమానోత్సవము నాటికి అయిదు వారములు దాటినవి. మూడు లాంతర్ల కడ జనములో నిలువరాదని, తెలిసినవారి మేడపైనుండి పైడితల్లి అమ్మవారికి మ్రొక్కిరి. అచట ఒక ముసలమ్మగారు "కాశీకి పోయి వచ్చితివా యేమి, మొగము తేటగా నున్నది" అనిరి. ఒంట్లో బాగులేదా యని ఎవ్వరును అడుగలేదు. అయినను గెలిచితిమని తలపవలదు. కుట్ల చాళ్లు నెలల తరబడి ఎఱ్ఱగా నుండును. మన చామనచాయ మేనులకు ఎండ తగిలిన నల్లచారలగును. మిగిలిన వాపు తీయుటకు ఆఱునెలలు మొదలు ఏడాది పట్టును. ఈ బిగువును ఎనిమిది పదేండ్లకు మరల సడలును.

కమ్మలు రెండు నెలలకు పెట్టుకొననిచ్చిరి. ఇప్పుడు ఆఱవ నెల నడచుచున్నది. కుడిచెవి తమ్మెకు ఇంకను పూర్తిగా స్పర్శ రాలేదు. కమ్మ ఊడిపడినను తెలియుట లేదు. బంగారు కమ్మలు పెట్టెలో దాచి, వదినెగారు గిల్టువి పెట్టుకొని తిరుగుచున్నారు.