కళాయి పూతలోని విజ్ఞానం

పొయ్యిలోని మంట వేడి గిన్నె గోడగుండా లోపలి పులుసుకు చేరుతుంది. మంటలోని పొగగాని మసిగాని పులుసులో కలియదు. రెండు పదార్థాలను కలియనీయక, వేడిని మాత్రమే దాటనిచ్చే ఇట్టి గోడయే పరిశ్రమలలో ఉష్ణవినిమయ యంత్రమనే పెద్ద పేరుతో దర్శనమిస్తుంది. పాల కేంద్రాలలో పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 15 సెకనులు ఉంచి శుద్ధి చేస్తారు. కాగి వెలుపలికి వచ్చే పాలు, పలుచని ఉక్కు పలకల ఆవలి ప్రక్కన లోనికి పోయే చల్లని పాలకు తమ వేడిని అప్పగిస్తాయి. ఇవి చల్లబడతాయి, అవి వేడెక్కుతాయి, ఇంధనం మిగులుతుంది.

ఈ గోడకు రెండు గుణాలు అవసరం. వేడిని త్వరగా దాటించాలి. తనను తాకే పదార్థానికి లొంగి కొరుకుడు పడరాదు. ఈ రెండు గుణాలు చవకగా దొరికే ఒకే లోహంలో కలిసి ఉండడం అరుదు. రాగి తుప్పుపట్టని ఉక్కుకంటె ఇంచుమించు 25 రెట్లు అధికంగా వేడిని ప్రసరింపజేస్తుంది. కాని చింతపండు పులుసు తగిలితే చాలు, చిలుమెక్కి ఆహారాన్ని విషతుల్యం చేస్తుంది. తగరం పులుపుకు చాలవరకు తట్టుకొంటుంది, కాని అది మెత్తనిది. పైగా 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ఒంటరిగా ఏదీ చాలదు. రాగి మీద తగరాన్ని పలుచని పొరగా పరచినప్పుడు మాత్రం రెండును కలిసి చక్కని గోడ అవుతాయి. ఇదే కళాయి.

ఈ విషయం నేను పాఠ్యగ్రంథాలలో చదువుటకు పూర్వమే మా దాదా చేతులలో చూచాను. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై, 2019 నుండి ములుగు జిల్లాలో చేరిన ఏటూరునాగారం మా ఊరు. ఆయన తిత్తి, పటకారు, తగరపు కడ్డీలు మూటగట్టుకొని మంగపేట వరకు గల పల్లెలు తిరిగేవారు. “కళాయి సాయిబు వచ్చిండు” అన్న మాట వినగానే ఇత్తడి గిన్నెలు, పెండ్లిళ్ల వంటకు వాడే రాగి దేగులు వేపచెట్టు క్రిందికి చేరేవి. అందులో మసీదు వీధి గిన్నె ఏదో, గుడి వీధి గిన్నె ఏదో ఆయన అడిగేవారు కారు. గిన్నె అడుగున గీటుపెట్టిన గుర్తును మాత్రమే చూచేవారు.

మొదట చింతపండు, ఇసుక వేసి గిన్నెను తోమేవారు. పెద్ద దేగు అయితే మా చిన్నాన్న అందులో నిలబడి, ఇసుక మీద పాదాలతో గిరగిర తిరిగేవాడు. ఆపైన నేలలో త్రవ్విన కొలిమిపై గిన్నెను కాచి, లోపల నవాసారం చల్లేవారు. ఉర్దూలో దానినే నౌషాదర్ అంటారు. గుప్పున తెల్లని పొగ లేచేది. వెంటనే తగరపు కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూదితో గిన్నె అంతటా త్రిప్పేవారు. క్షణంలో లోపలి భాగం వెండివలె మెరిసేది.

ఆ తెల్లని పొగలోనే రహస్యమంతా ఉన్నది. నవాసారం వేడికి విడిపోయి అమోనియాను, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని ఇస్తుంది. ఆ ఆమ్లం రాగిపై మిగిలిన చిలుమును, పొక్కును హరించి శుద్ధమైన లోహాన్ని బయటపెడుతుంది. శుద్ధమైన రాగికి తగరం తగిలినచోట రెండును కలిసి ఒక కొత్త మిశ్రమపు పొర ఏర్పడుతుంది. అందుచేతనే కళాయి రంగు వేసినట్లు పైపైన నిలువక, గిన్నెను పట్టుకొని ఉంటుంది. వేడిని ప్రసరింపజేయడంలో తగరం రాగికి ఆరోవంతు మాత్రమే. అయినను పూత కాగితంకంటె పలుచనిది గనుక వేడికి అది అడ్డుకాదు.

ఉత్త గిన్నెను పొయ్యిమీద పెట్టవద్దని మా అమ్మీ హెచ్చరించేది. తగరం కరిగే ఉష్ణోగ్రత ఆమెకు తెలియదు. కాని నీరు లేని గిన్నెలో కళాయి జారిపోతుందని బాగుగా తెలుసు. తగరంలో చవకైన సీసం కలిపి పూసేవారు కొందరుండేవారు. సీసం దేహానికి హాని చేస్తుంది. చూపుకు మాత్రం రెండు పూతలును ఒకే విధంగా మెరుస్తాయి. కాబట్టి ఇల్లాలు నమ్మవలసినది గిన్నె మెరుపును కాదు, పూసినవాని నిజాయితీని. దాదా బేరం తగ్గించేవారేగాని కడ్డీ మార్చేవారు కారు.

ఇదే సూత్రం నేటి కర్మాగారాలలో విస్తరించినది. ఒంటితలుపు రిఫ్రిజిరేటరులోని మంచుపెట్టెను చూడండి. రెండు అల్యూమినియం రేకులలో ఒకదానిపై గ్రాఫైటు వంటి సిరాతో కాలువల బొమ్మ గీసి, రెండింటిని జతచేసి, కాచి, రోలర్ల మధ్య నొక్కుతారు. శుభ్రంగా ఉన్నచోట రెండు రేకులు ఏకమవుతాయి. సిరా ఉన్నచోట అతుకవు. ఆపైన ఒత్తిడితో గాలిని పంపగా సిరా గీతలు ఉబ్బి గొట్టాలవుతాయి. అతుకవలసినచోట శుభ్రత, అతుకరానిచోట సిరా! దాదా నవాసారంతో చేసిన పనిని ఈ సిరా తలక్రిందులుగా చేస్తున్నదని గ్రహించినప్పుడు నాకు కలిగిన ఆనందం వర్ణింపలేను.

మరొక ఉదాహరణ మా ఊరికి దూరమైనది కాదు. గోదావరి వెంట దిగువకు పోతే మణుగూరు ప్రాంతంలో, అశ్వాపురం సమీపాన, 1991లో ప్రారంభమైన భారజల కర్మాగారం ఉన్నది. అక్కడ నీటిని, హైడ్రోజన్ సల్ఫైడు వాయువును చల్లని గోపురంలోను వేడి గోపురంలోను కలియబెడతారు. వాటి ఉష్ణోగ్రతలు ఇంచుమించు 30, 130 డిగ్రీలు. ఒకచోటి వేడిని తిరిగి మరొకచోట వాడుకొననిచో ఖర్చు భరించడం దుస్సాధ్యం. కుళ్లిన గ్రుడ్ల వాసన గల ఆ వాయువు ఇనుమును తింటుంది. అయితే ముందుగానే ఉక్కుపై ఐరన్ సల్ఫైడు పొరను గట్టిగా పెరుగనిస్తే, ఆ పొరయే లోపలి ఉక్కును కాపాడుతుంది. శత్రువు చేతనే కవచం చేయించుకొన్నట్లున్నది గదా!

స్టీలు గిన్నెలు వచ్చిన పిదప మా ఊళ్లో కొలిమి చల్లారినది. దాదా లేరు. మా బంధువులలో కొందరు ఆ వృత్తి పేరు పదిమందిలో చెప్పుటకు సంకోచిస్తారు. ఆ సంకోచమే నాకు బాధాకరం. రసాయనశాస్త్రంలో మార్కులు తెచ్చుకొనే మనుమడు, నవాసారపు పొగలో కన్నులు మండించుకొన్న తాతను చదువురానివాడని తలచుట న్యాయమా? ఆయన సంతకం చేయలేకపోయిన మాట నిజం. లోహాలను అతికే విద్య మాత్రం ఆయనకు సంపూర్ణంగా వచ్చును.

కళాశాల పాలకవర్గం వారికి నాదొక విన్నపం. పెండ్లి దేగులకు నేటికీ కళాయి వేసే పనివారు అక్కడక్కడ మిగిలి ఉన్నారు. సంవత్సరానికొకసారి అట్టి ఒకరిని మన రసాయన ప్రయోగశాలకు పిలిపించి, తగిన పారితోషికమిచ్చి, విద్యార్థుల ఎదుట ఒక గిన్నెకు కళాయి వేయించండి. వారు ఉర్దూలో చెప్పిన మాటను ఒక విద్యార్థి తెలుగులో వ్రాసుకోవాలి. తెలుగులో చెప్పినదానిని మరొకడు ఉర్దూలో వ్రాసుకోవాలి. ఖర్చు స్వల్పం. ఆ పనివారి పిల్లలు ఎవరైనా మన తరగతులలో ఉంటే, వారు ఆనాడు తలయెత్తుకొని కూర్చుంటారు.