రెక్కల రాకెట్టు

పిల్లలూ, నేను 34 ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాను. చివరి కొన్నేళ్ళు ప్రధానోపాధ్యాయుణ్ణి కూడాను. అన్నేళ్ళలో నా విద్యార్థులు నన్నెన్ని ప్రశ్నలు అడిగారో లెక్కలేదు. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ నన్ను వదలలేదు. ఎందుకంటే, ఆ ప్రశ్న వేసిన కుర్రవాడికి నేను జవాబు చెప్పలేదు.

అది 1986 జనవరి నెలాఖరు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో బడి. పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఆ రోజు మొదటి పేజీలోనే ఉన్నది: అమెరికావారి ఛాలెంజర్ అనే అంతరిక్షనౌక 28వ తేదీన బయలుదేరిన 73 సెకండ్లకే ఆకాశంలో బద్దలైంది. ఏడుగురు చనిపోయారు. వారిలో ఒకామె క్రిస్టా మెకాలిఫ్, బడిపంతులమ్మ. అంతరిక్షంనుంచి పిల్లలకు పాఠం చెప్పాలని బయలుదేరిన మనిషి! నేనూ కొత్త పంతుల్నేగదా, నా గుండె చెరువైంది. మర్నాడు తరగతిలో ఆ సంగతి చెబుతూంటే గొంతు పెగలలేదు.

వెనకబెంచీలోనుంచి ఒక కుర్రవాడు లేచాడు. "ఆ నౌక ఏం పనిమీద పోతాండె సార్?" అన్నాడు.

"ఒక ఉపగ్రహాన్ని పైన వదిలిరావటానికి."

"దానికి మనుషులెందుకు సార్? వట్టి బండినే పంపి, మళ్ళా దాన్నే దింపుకోకూడదా?"

నాకు ఒళ్ళు మండింది. ఏడుగురు పోయారని నేను కుమిలిపోతూంటే వీడికి బండిగొడవా అనిపించింది. "నోరు మూసుకుని కూర్చో!" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ లేచి ఏమీ అడగలేదు.

వాడి ప్రశ్నలో ఎంత ఉన్నదో నాకు తరవాత తెలిసింది. మామూలు రాకెట్టు ఒకసారి ఎగిరితే సరి, ముక్కలు ముక్కలుగా సముద్రంలో పడిపోతుంది. ప్రొద్దుటూరునుంచి తిరుపతికి బస్సులో పోయి, దిగగానే ఆ బస్సును లోయలోకి తోసేసినట్టు! అందుకే విమానంలాగా పైకి పోయి తిరిగివచ్చే నౌకకోసం శాస్త్రజ్ఞులు ఎన్నాళ్ళుగానో తంటాలు పడుతున్నారు. వారికంటె ఎక్కువగా సైన్యాలవారు తొందరపడ్డారు. 1957లోనే అమెరికా వైమానిక దళం డైనా సోర్ అనే నౌకను తలపెట్టింది. అది ఒక్కసారైనా ఎగరకముందే, 1963లో దాన్ని మానుకున్నారు.

1981 ఏప్రిల్ 12న మొదటిసారి ఎగిరిన షటిల్ కూడా సగం సైన్యంవారు కోరినట్టే తయారయింది. పెద్ద గూఢచారి ఉపగ్రహాలు పట్టాలి గనక సరుకుల గది 60 అడుగుల పొడవు ఉండాలన్నారు. అంతటితో ఆగక, భూమిని ఒక్క చుట్టు చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి దిగాలన్నారు. ఇందులో కష్టమేమున్నదీ అనుకుంటున్నారా? ఆ చుట్టుకు గంటన్నర పడుతుంది. అంతలో భూమి తన చుట్టూ తాను తిరుగుతూ, బయలుదేరిన ఊరిని తూర్పుకు లాక్కుపోతుంది! దాన్ని అందుకోవాలంటే నౌక పక్కకు రెండువేల కిలోమీటర్లు జారగలగాలి. ఆ జారుడు కోసమే షటిల్‌కు అంతంత త్రికోణపు రెక్కలు వచ్చాయి. ఇంతా చేసి, ఛాలెంజర్ కూలిన తరవాత సైన్యంవారు తమ ఉపగ్రహాలను చాలావరకు మామూలు రాకెట్లకే మళ్ళించారు.

మరి వారికి ఈ నౌకలమీద మోజు దేనికి? ఈనాడు సేనలకు దారి చూపేదీ, కబురు మోసేదీ, శత్రువును కనిపెట్టేదీ ఉపగ్రహమే. యుద్ధంలో అది చెడిపోతే, దాని చోట మరొకటి వెంటనే పెట్టాలి. మామూలు రాకెట్టును సిద్ధం చెయ్యటానికి వారాలూ నెలలూ పడుతుంది. పది రోజుల్లో పదిసార్లు ఎగిరే నౌక కావాలని అమెరికా రక్షణశాఖలోని డార్పా అనే సంస్థ కోరింది. 2017లో బోయింగ్ కంపెనీ ఆ పనికి ఒప్పుకున్నది. 2020 జనవరిలో తప్పుకున్నది. కోరటం తేలిక, కట్టటం కష్టం.

మా కుర్రవాడు చెప్పిన వట్టి బండి మాత్రం నిజంగానే వచ్చింది. దాని పేరు ఎక్స్-37బి. 2010 ఏప్రిల్ 22న మొదటిసారి పైకి వెళ్ళింది. పొడవు తొమ్మిది మీటర్లు కూడా లేదు, మన ఆర్టీసీ బస్సుకన్న పొట్టి. రాకెట్టు తలమీద కూర్చుని వెళుతుంది, తనంతట తానే విమానంలా వచ్చి దిగుతుంది. ఒకసారి ఏకంగా 908 రోజులు పైనే ఉండి, 2022 నవంబరులో దిగింది. పైన ఏం చేసిందో చాలావరకు గుట్టు. గింజలు పెట్టి చూశామనీ, ఎండనుంచి శక్తి తీసి చూశామనీ కొన్ని చెప్పారు. చైనావారు కూడా 2020నుంచి ఇటువంటిదాన్ని పంపుతున్నారు. వారు అంతకూడా చెప్పరు.

2016 మే 23న నేను ప్రొద్దుటూరులో ఉన్నాను. వేసవి సెలవులు. ఉదయం ఏడుగంటలకు మన శ్రీహరికోటనుంచి ఇస్రోవారి రెక్కల నౌక ఎగరటం టీవీలో చూశాను. మా ఊరి పెన్న సముద్రంలో కలిసే చోటికి కాస్త దక్షిణంగా ఉంటుంది శ్రీహరికోట. నౌక పొడవు ఆరున్నర మీటర్లు. 65 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, శబ్దంకన్న అయిదు రెట్ల వేగంతో కిందికి వచ్చింది. ఆ వేగానికి గాలి దాన్ని మాడ్చెయ్యాలి. కాని దాని పొట్టకు సిలికా పలకలు పరిచారు. మన నాపబండలు ఎండకు కాగి, రాత్రిదాకా ఇల్లంతా ఉడికిస్తాయి గదా. ఈ పలకలు అందుకు తలకిందులు. పైవైపు ఎంత కాలినా లోపలికి వేడిని దిగనివ్వవు. శ్రీహరికోటకు 450 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో నౌక దిగింది. ఆ నీళ్ళలోనే పోయింది కూడా. దాన్ని పైకి తీయాలని ముందే అనుకోలేదు.

నేలమీద దింపే పరీక్ష 2023 ఏప్రిల్ 2న జరిగింది. ఈసారి మనకు పడమర, అనంతపురం జిల్లా దాటితే వచ్చే చిత్రదుర్గ జిల్లా చల్లకెరె దగ్గర. అక్కడి మైదానం డీఆర్‌డీఓ వారిది. వైమానిక దళం చినూక్ హెలికాప్టరు నౌకను వేలాడదీసుకుని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకుపోయి వదిలింది. నౌక తన దారి తానే చూసుకుని పట్టాలమీదికి వచ్చినట్టు వచ్చి దిగింది. 2024లో మరి రెండుసార్లు, కావాలనే పక్కదారిలో వదిలినా సరిగ్గానే దిగింది. అయితే ఒక సంగతి మరవకండి: ఇవి హెలికాప్టరు వదిలితే దిగినవి, కక్ష్యనుంచి దిగినవి కావు.

ఆ దృశ్యం పులివెందులలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా చూశాను. పక్కనే మా మనమరాలు.

"తాతా, ఆ హెలికాప్టరు మిలిటరీది గదా? అయితే ఇది యుద్ధానికా?"

'ఛ ఛ, అదేం కాదు, ఊరుకో' అనబోయాను. వెనకబెంచీ కుర్రవాడు గుర్తుకొచ్చాడు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తెలిసినంత చెప్పాను. "ఉపగ్రహాలను తక్కువ ఖర్చుతో పంపటానికి అని ఇస్రోవారు చెబుతున్నారు. కాని వానసంగతి చెప్పే ఉపగ్రహాన్ని మోసే బండి, గూఢచారి ఉపగ్రహాన్ని కూడా మోయగలదు. 1967లో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అణ్వాయుధాలు కక్ష్యలో పెట్టకూడదు. అంతేగాని, సైన్యాలవారి నౌకలు పైకి పోకూడదని అందులో లేదు."

అది కాసేపు ఆలోచించి, "మరి అక్కడ అది ఏం చేస్తుందో ఎవరు చూస్తారు?" అన్నది.

ఈ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉన్నది. ఎక్స్-37బి ఏ దారిన తిరుగుతున్నదో అమెరికావారు చెప్పకపోయినా, వివిధ దేశాల్లో సరదాకు ఆకాశం చూసే మామూలు మనుషులు కనిపెట్టి చెప్పారు. దారి తెలిసింది, పని తెలియలేదు. ఆ సాయంత్రం చీకటి పడగానే ఇద్దరం మిద్దెమీదికి పోయి పడుకున్నాం. మినుకుమినుకు మనకుండా నిదానంగా కదిలే చుక్కలు రెండు చూశాం. ఎవరివో తెలియలేదు.

ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటుంది. మీ నాన్నో, మామో 1986లో జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఏడో తరగతి చదివి ఉంటే, ఈ పేజీ వారికి చూపించండి. వాడైతే గుర్తుపడతాడు.